గొంతు తీసేస్తే మిగిలిన పాట: డబ్ అనే మాట వెనుక కథ

డబ్ అనగానే మనకు మొదట గుర్తొచ్చేది డబ్బింగ్ సినిమా. వేరే భాషలో తీసిన బొమ్మకు మన గొంతు అతికించడం. జమైకా రెగే సంగీతంలో డబ్ దీనికి సరిగ్గా ఎదురు. అక్కడ పాటలోంచి గొంతు తీసేస్తారు. విచిత్రమేమిటంటే రెండూ ఒకే మాట. ఒక దానికి నకలు తీయడమనే అర్థం నుంచే రెండూ పుట్టాయి.

బేస్ గిటార్ వాయించేవాళ్ల మధ్య ఈ మాటకు ఇప్పుడు ఇంకో అర్థం స్థిరపడింది. "డబ్ బేస్ సౌండ్ రావాలంటే ఏ పెడల్ కొనాలి?" అని అడుగుతారు. ట్రెబుల్ పూర్తిగా తగ్గించు, బేస్ పెంచు, కాస్త ఎకో కలుపు అని జవాబు వస్తుంది. ఆ జవాబులో తప్పేమీ లేదు. కానీ డబ్ మొదట ఒక పనికి పెట్టిన పేరు. ఆ పని చేసినవాళ్లలో ఎక్కువమంది చేతిలో గిటారే లేదు. మరి బేస్ వాయించేవాడికీ ఈ మాటకూ ఇంత గట్టి ముడి ఎలా పడింది? దానికి జమైకా రాజధాని కింగ్‌స్టన్‌కు, 1950ల దాకా వెళ్లాలి.

అప్పట్లో అక్కడి పేటల్లో రికార్డులు కొని ఇంట్లో వినే స్తోమత చాలామందికి లేదు. పాట వినాలంటే, ఆడాలంటే శనివారం రాత్రి ఏదో ఒక పెరట్లో పెట్టే సౌండ్ సిస్టమ్ దగ్గరికి వెళ్లాలి. సౌండ్ సిస్టమ్ అంటే ఒట్టి స్పీకర్లే అనుకోకండి. అదొక మేళం లాంటిది. యజమాని ఉంటాడు, రికార్డులు ఎంచి వేసే సెలెక్టర్ ఉంటాడు, మైకు పట్టుకుని జనాన్ని హుషారెక్కించే డీజే ఉంటాడు. బీరువాలంత స్పీకర్ పెట్టెలుంటాయి. డ్యూక్ రీడ్, కాక్సన్ డాడ్ లాంటి యజమానుల మధ్య పోటీ మామూలుగా ఉండేది కాదు. మొదట అమెరికా రికార్డులు తెప్పించి వేసేవారు. అక్కడ జనం అభిరుచి మారి తమకు కావలసిన పాటలు రావడం తగ్గాక, 1950ల చివర్లో వీళ్లే స్థానిక కళాకారులతో రికార్డింగులు మొదలుపెట్టారు.

పక్క సిస్టమ్ దగ్గర లేని పాట మన దగ్గర ఉండాలి. పోటీ అంతా అక్కడే. అందుకని స్టూడియో టేపు నుంచి నేరుగా ఒకే ఒక్క ప్లేటు కోయించుకునేవారు. అల్యూమినియం పళ్లెం మీద లక్క లాంటి మెత్తటి పూత, దాని మీద గీత. కొన్ని పదుల సార్లు వేస్తే అరిగిపోయేది. టేపు నుంచి డబ్ చేసిన ఈ ప్లేటే డబ్‌ప్లేట్. మాట ఇక్కడ పుట్టింది. జమైకాలో దయ్యాన్ని డప్పీ అంటారు కాబట్టి డబ్ అందులోంచి వచ్చిందని కొందరు అంటారు. డబ్ పాటలో గొంతు దయ్యంలా కనిపించి మాయమవుతుంది గనక ఆ పోలిక బాగానే ఉంటుంది, కానీ మాట పుట్టుకకు డబ్‌ప్లేటే సరైన దారి.

ఇక గొంతు ఎలా పోయిందో చెప్పే కథ ఒకటుంది. 1960ల చివర్లో స్పానిష్ టౌన్‌కు చెందిన సౌండ్ సిస్టమ్ యజమాని రడ్డీ రెడ్‌వుడ్ డ్యూక్ రీడ్ స్టూడియోకు ప్లేటు కోయించుకోవడానికి వెళ్లాడు. పారగాన్స్ బృందం పాడిన పాట అది. ఇంజినీర్ బైరన్ స్మిత్ పొరపాటున గొంతు ఉన్న ట్రాక్ కలపకుండా ప్లేటు కోసేశాడు. రెడ్‌వుడ్ దాన్ని పారేయనివ్వలేదు. ఆ రాత్రి మొదట మామూలు పాట వేసి, వెంటనే గొంతు లేనిది వేశాడు. పెరడంతా పాడటం మొదలుపెట్టింది. మన పాటల పోటీల్లో, ఆర్కెస్ట్రాల్లో పాట లేని ట్రాక్ మీద ఒకరు పాడతారు. అక్కడ వందలమంది ఒకేసారి పాడారు. ఆ తరువాత కొద్ది కాలానికే జమైకాలో రికార్డుకు ఒక వైపు పాట, రెండో వైపు పాట లేని వాయింపు వేయడం ఆనవాయితీ అయింది. రెండో వైపుని వెర్షన్ అనేవారు.

వెర్షన్ ఇంకా డబ్ కాలేదు. దాన్ని డబ్ చేసినవాడు ఆస్‌బోర్న్ రడాక్, అందరికీ తెలిసిన పేరు కింగ్ టబ్బీ. 1941లో పుట్టాడు. వృత్తి రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేయడం. డ్యూక్ రీడ్ దగ్గర ప్లేట్లు కోసే పని కూడా చేశాడు. సొంతంగా సౌండ్ సిస్టమ్ నడిపాడు. వాటర్‌హౌస్ పేటలో, డ్రొమిలీ అవెన్యూలోని చిన్న ఇంట్లో స్టూడియో పెట్టాడు. అక్కడ బ్యాండు కూర్చుని వాయించేంత చోటు లేదు. గాయకులు బాత్రూమును మార్చి చేసిన గదిలో పాడేవారు. నిర్మాతలు వేరే స్టూడియోల్లో రికార్డు చేసిన టేపులు తెచ్చి ఇస్తే, టబ్బీ మిక్స్ చేసేవాడు. నా దృష్టిలో డబ్ పుట్టడానికి అసలు కారణం ఆ ఇరుకు. వాయిద్యాలకు చోటు లేని చోట మిక్సరే వాయిద్యమైంది.

టేపు మీద ఉన్నవి నాలుగే ట్రాకులు. సాధారణంగా ఒకదాంట్లో డ్రమ్స్, ఒకదాంట్లో బేస్, ఒకదాంట్లో గిటార్, కీబోర్డు లాంటివి, నాలుగోదాంట్లో గొంతు. టబ్బీ ఫేడర్ల మీద, అంటే ఒక్కో ట్రాక్ శబ్దాన్ని పెంచి తగ్గించే మీటల మీద వేళ్లు పెట్టి, పాట నడుస్తుండగానే ఒక్కోదాన్ని తీసేవాడు, మళ్లీ తెచ్చేవాడు. గొంతులోంచి ఒక మాట మాత్రం వదిలి, దాన్ని ఎకోలోకి తోసేవాడు. గిటార్ ఒక్కసారి మోగి, ఆ మోత దూరంగా ఎక్కడికో వెళ్లిపోయేది. డైనమిక్ సౌండ్స్ స్టూడియో నుంచి కొన్న పాత మిక్సర్‌లో ఒక పెద్ద తిప్పుడు బటన్ ఉండేది. తిప్పేకొద్దీ కింది శబ్దాలు మెట్లు మెట్లుగా మాయమై, చివరికి డ్రమ్స్ రేకు డబ్బా చప్పుడులా పలచబడేవి. దాన్ని వెనక్కి తిప్పగానే బరువంతా తిరిగి వచ్చేది. ఆ క్షణం కోసమే జనం ఎదురుచూసేవారు.

1976లో వచ్చిన ఆల్బమ్ 'కింగ్ టబ్బీస్ మీట్స్ రాకర్స్ అప్‌టౌన్' వింటే ఇదంతా ఒక్కచోట దొరుకుతుంది. అందులో టైటిల్ ట్రాక్ నిజానికి జేకబ్ మిల్లర్ పాడిన ఒక ప్రేమపాట. డబ్‌లో ఆయన గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చి పోతుంది. అగస్టస్ పాబ్లో ఊదే మెలోడికా, అంటే నోటితో ఊదుతూ వాయించే చిన్న కీబోర్డు, తేలుతూ ఉంటుంది. మొదటి నుంచి చివరి దాకా పాటను మోసేవి మాత్రం బేస్, డ్రమ్స్.

బేస్ గురించిన అసలు ప్రశ్న ఇక్కడే వస్తుంది. అన్నీ తీసేసినా నిలబడగలిగే బేస్ ముందే ఉండాలి కదా. అది డబ్ కంటే ముందే తయారై ఉంది. 1960ల మొదట్లో, రెగేకు ముందు వచ్చిన స్కా సంగీతంలో నిలువెత్తు బేస్ వాయిద్యం ఉండేది. బారుకు, అంటే నాలుగు దెబ్బల ఒక్కో ఆవర్తనానికి, నాలుగు స్వరాలు, ఆగకుండా నడుస్తూ పోయేది. 1966 ప్రాంతంలో నడక నెమ్మదించి రాక్‌స్టెడీ అనే శైలి వచ్చింది. నిలువు బేస్ పోయి ఎలక్ట్రిక్ బేస్ వచ్చింది. వేగం తగ్గడంతో స్వరాల మధ్య ఖాళీ పెరిగింది. డ్యూక్ రీడ్ స్టూడియోలో జాకీ జాక్సన్, కాక్సన్ డాడ్ స్టూడియో వన్‌లో లెరోయ్ సిబుల్స్ ఆ ఖాళీని నింపే పని పెట్టుకోలేదు. రెండు మూడు స్వరాలు, ఒక మౌనం, మళ్లీ రెండు స్వరాలు. బేస్ ఒక చిన్న పల్లవిలా మారింది. గొంతు లేకపోయినా దాన్ని నోటితో హమ్ చేసుకోవచ్చు.

తరువాత బాబ్ మార్లే బృందం వెయిలర్స్‌లో బేస్ వాయించిన ఆస్టన్ బ్యారెట్, అందులోనే డ్రమ్మర్ అయిన ఆయన తమ్ముడు కార్ల్టన్ బ్యారెట్ ఈ దారిని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. ఆస్టన్‌ను ఫ్యామిలీ మ్యాన్ అని పిలిచేవారు. మొదటి బేస్‌ను ప్లైవుడ్‌తో తానే చేసుకున్నాడు. వన్ డ్రాప్ అనే తాళంలో డ్రమ్ బరువు బారులో మూడో దెబ్బ మీద పడుతుంది. మొదటి దెబ్బ ఖాళీ. మన చెవికి సమం దగ్గర దెబ్బ పడటం అలవాటు, అందుకే మొదటిసారి వింటే కాళ్ల కింద మెట్టు లేనట్టు ఉంటుంది. నేను బేస్ నేర్చుకునే రోజుల్లో ఒక రెగే లైన్ మూడు వారాలు పట్టుకు కూర్చున్నాను. స్వరాలు గంటలో వచ్చేశాయి. ఎక్కడ ఊరుకోవాలో రావడానికే మిగతా రోజులన్నీ పట్టాయి.

సౌండ్ కూడా ఈ అవసరం నుంచే వచ్చింది. టోన్ బటన్ మూసేసి, పికప్‌కు దూరంగా, గిటార్ మెడకు దగ్గరగా వేలి మెత్తటి భాగంతోనో బొటనవేలితోనో మీటుతారు. కొందరు అరచేయి అంచుతో తీగలను కాస్త నొక్కిపడతారు, కొందరు బ్రిడ్జి దగ్గర స్పాంజి ముక్క పెడతారు. తీగ గణగణలాడకుండా 'దుమ్' అని మోగి ఆగిపోతుంది. బేస్ గిటార్‌లో అన్నిటికంటే లావు తీగను ఊరికే మీటితే సెకనుకు దాదాపు 41 కంపనాలు. గాలిలో ఆ అల పొడవు ఎనిమిది మీటర్లు దాటుతుంది. 18 అంగుళాల స్పీకర్లలోంచి వస్తే చెవి కంటే ముందు ఛాతీకి తెలుస్తుంది. ఆ పెరట్లో పనిచేసేలా వాయించారు కాబట్టే ఆ సౌండ్ అలా ఉంది. బెడ్‌రూమ్ ఆంప్లిఫయర్‌లో అదే సెట్టింగు పెట్టి "రావడం లేదు" అని టెన్షన్ పడేవాళ్లు స్పీకర్ సైజు కూడా లెక్కలోకి తీసుకోవాలి.

టబ్బీ ఒక్కడే కాదు. లీ పెర్రీ 1973లో ఇంటి వెనక బ్లాక్ ఆర్క్ స్టూడియో కట్టుకుని, డబ్‌ను కలలాంటి చోటికి తీసుకెళ్లాడు. రాండీస్ స్టూడియోలో ఎరల్ థాంప్సన్, టబ్బీ శిష్యుల్లో ప్రిన్స్ జామీ, సైంటిస్ట్. వలస వెళ్లిన కరేబియన్లతో బ్రిటన్ చేరాక డెన్నిస్ బోవెల్, జా షాకా, మ్యాడ్ ప్రొఫెసర్ చేతుల్లో అది వేరే వేళ్లు తన్నింది. లింటన్ క్వేసీ జాన్సన్ కవిత్వం దాని మీద పలికాడు. 2000 ప్రాంతంలో దక్షిణ లండన్‌లో పుట్టిన డబ్‌స్టెప్ అనే ఎలక్ట్రానిక్ సంగీతం పేరులో సగం ఇక్కడిదే.

ఈ చరిత్రలో నన్ను బాధపెట్టేది ఒకటుంది. ఒకే బేస్ లైన్ మీద పదులకొద్దీ పాటలు, డబ్‌లు వచ్చేవి. దాన్ని రిడిమ్ అంటారు. వాయించినవాడికి మాత్రం ఆ రోజు కూలి ఒక్కసారే. జమైకా సొంత కాపీరైట్ చట్టం 1993లో గాని రాలేదు. 1985లో జామీ ఒక క్యాసియో కీబోర్డులో ముందే ఉన్న రిథమ్‌తో 'స్లెంగ్ టెంగ్' రిడిమ్ చేశాడు. బేస్ ప్లేయర్ అవసరమే లేకుండా దేశమంతా ఊగింది. వాయించేవాళ్లకు రికార్డింగ్ సెషన్లు తగ్గిపోయాయి. ఆ రిథమ్‌ను కీబోర్డులో పెట్టింది ఒకుడా హిరోకో అనే యువ ఉద్యోగిని. కాలేజీలో ఆమె థీసిస్ రాసింది రెగే మీదే.

టబ్బీని 1989 ఫిబ్రవరిలో ఇంటి ముందే కాల్చి చంపారు. కార్ల్టన్ బ్యారెట్ అంతకు రెండేళ్ల ముందే హత్యకు గురయ్యాడు. ఆస్టన్ మార్లే రికార్డుల మీద తనకూ తమ్ముడికీ రావలసిన రాయల్టీల కోసం, కొన్ని పాటల రచనలో వాటా కోసం లండన్ హైకోర్టుకు వెళ్లాడు. 2006లో ఓడిపోయాడు. 1994లో చేసుకున్న ఒక రాజీ ఆయనకు అడ్డొచ్చింది. 2024 ఫిబ్రవరి 3న, 77 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఇవాళ డబ్ బేస్ నేర్చుకునేవాళ్లు మొదట పట్టుకునే లైన్లలో చాలావరకు ఆయన వాయించినవే.