పెన్సిల్ ముల్లూ, అమ్మమ్మ ముక్కుపుడకా

చిట్టితల్లికీ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

చిట్టితల్లీ, నువ్వు ఫోన్లో అడిగింది రెండు రోజులుగా నన్ను వదల్లేదు. పెన్సిల్ ముల్లూ కార్బనే, అమ్మమ్మ ముక్కుపుడకలో రవ్వా కార్బనే. అది నలుపేంటి, ఇది అద్దంలా ఉండటమేంటి? పైగా "రాయిని చూడకుండానే అది నలుపో, అద్దంలా ఉంటుందో కంప్యూటర్ ఎలా చెబుతుంది తాతయ్యా?" అన్నావు.

నా చిన్నప్పుడు శివరాత్రికి ఎడ్లబండి కట్టుకుని కోటప్పకొండ తిరునాళ్లకి వెళ్లేవాళ్లం. ఒకసారి మరమరాల కొట్టు దగ్గర నాన్న చెయ్యి వదిలేశాను. నాన్న జనంలో పడి ఒక్కొక్కరి మొహం చూస్తూ తిరగలేదు. నాలుగు మెట్లెక్కి, ఎక్కడ కిక్కిరిసి ఉన్నారు, ఎక్కడ పల్చగా ఉన్నారని చూశాడు. "ప్రభల దగ్గర ఆ తొక్కిడిలోకి నువ్వు దూరలేవు, కొట్ల వైపే ఉంటావనుకున్నా" అన్నాడు. వీపు మీద రెండు పడ్డాయి, అది వేరే సంగతి.

రవ్వలోనూ తిరునాళ్లే. ఒక్క క్యారట్ వజ్రంలో, అంటే 0.2 గ్రాముల్లో, 1 పక్కన 22 సున్నాలు పెట్టినన్ని పరమాణువులు. ఒక్కోదానికి 6 ఎలక్ట్రాన్లు. అన్నిటి వెంటా పడితే ఏ కంప్యూటరూ తేల్చలేదు. వాల్టర్ కోన్ అని ఒక శాస్త్రవేత్త, వియన్నాలో పుట్టినాయన, హిట్లర్ పీడకి పదహారేళ్లకే అమ్మానాన్నల్ని వదిలి దేశం దాటినవాడు. ఎలక్ట్రాన్లు ఎక్కడెంత ఒత్తుగా ఉన్నాయో తెలిస్తే చాలు, మిగతాదంతా అందులోనే ఉందని 1964లో హోహెన్‌బర్గ్ అనే తోటి శాస్త్రవేత్తతో కలిసి రుజువు చేశాడు. మరుసటేడు షామ్ అనే ఇంకొకాయనతో కలిసి లెక్క కట్టే దారీ చూపాడు.

ముందు రద్దీ ఎక్కడెంతో ఒక అందాజా వేస్తారు. ఆ రద్దీలో ఎవరెటు జరుగుతారో లెక్కేస్తారు. జరిగితే రద్దీ మారిపోతుందిగా, మళ్లీ లెక్క. ఇక మార్పు రానంతదాకా అంతే. (చిన్నోడా, ఎలక్ట్రాన్లు బజ్జీలు తినవురా.) నీ లెక్కల పుస్తకంలోనూ ఖాళీ వదలకుండా తప్పో ఒప్పో ఒకటి వేసి, తర్వాత దిద్దుకోమ్మా.

వజ్రంలో ఎలక్ట్రాన్ కదలాలంటే ప్రభంత ఎత్తు ఎగరాలి, 5.5 ఎలక్ట్రాన్ వోల్టులు (ఇంత చిన్న శక్తిని కొలిచే కొలత అది). కంటికి కనిపించే వెలుగు ఎత్తగలిగేది మహా అయితే 3 చిల్లర. ఎవర్నీ లేపలేక అలాగే దాటిపోతుంది. పెన్సిల్ ముల్లులో ఆ ఎత్తే లేదు. వెలుగు చాలావరకు అక్కడే ఖర్చయిపోతుంది. చిత్రమేంటంటే, మామూలు పద్ధతిలో కంప్యూటర్ వజ్రానికి 4 చిల్లరే చెబుతుంది. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తప్పించుకునే తీరుకి కచ్చితమైన సూత్రం ఒకటుందని కోన్ రుజువు చేశాడు గానీ, అదేమిటో ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు!

ముల్లులో ఎలక్ట్రాన్లు కదులుతాయో లేదో మీరే చూడొచ్చు. కాగితం మీద పెన్సిల్‌తో దట్టంగా, లావుగా ఒక గీత గీయండి. 9 వోల్టుల బ్యాటరీ, చిన్న ఎల్ఈడీ తీగల్తో కలిపి, మధ్యలో ఈ గీత వచ్చేలా పెట్టండి. తీగల కొసలు ఒకదానికొకటి తగలకుండా దగ్గరికి జరుపుతూ చూడండి. అమ్మమ్మ ముక్కుపుడక జోలికి మాత్రం వెళ్లకండి.

మీ
తాతయ్య