వరిలో సూది తూనీగ: మందు కొట్టే ముందు ఒక్కసారి చూడండి

ఆగస్టు వస్తే చాలు, ఫోన్లు మొదలు. "సార్, నడుస్తుంటే వరిలోంచి సూదుల్లాంటి పురుగులు లేస్తున్నాయి, ఏం మందు కొట్టాలి?" ఫొటో తెరిస్తే అగ్రియోక్నెమిస్, అంటే సూది తూనీగ. అగ్గిపుల్ల కంటే చిన్నది. ఆడదైతే మాసిపోయిన పచ్చరంగు, ఆకుల్లో కలిసిపోతుంది.

అపోహ: ఇది వరిని తింటుంది.

తినదు బాబూ! ఇది తినేది మీ వరిని తినేవాటిని. పెద్ద తూనీగల్లా పైన తిరగదు, దుబ్బుల మధ్య కిందుగా ఎగురుతూ వరి రసం పీల్చే సుడిదోమనీ, పచ్చదోమనీ పట్టుకుంటుంది. దీని పిల్లలు మడి నీళ్లలో పెరుగుతాయి. తోక చివర మూడు ఆకుల్లాంటివి కనబడితే వేరుపురుగు అనుకోకండి, అవి మొప్పలు. ఆ పిల్లలు కూడా వరి కాడ ఎక్కి దోమ పిల్లల్ని తింటాయి.

దీన్ని చూసి భయపడి పైరిథ్రాయిడ్ రకం పురుగుమందు కొడితే ఇదీ పోతుంది, సాలీళ్లూ పోతాయి. సుడిదోమ గుడ్లు మాత్రం ఆకుతొడుగు లోపల భద్రంగా ఉంటాయి. అవి పొదిగేసరికి తినేవాళ్లెవరూ ఉండరు. తర్వాత మడి సుడులు సుడులుగా ఎండిపోతే "మందు నకిలీది" అంటారు.

మా నాన్న కూడా ఒక ఏడాది ఇలాగే కొట్టించారు. నేనప్పుడు అగ్రికల్చర్ బీఎస్సీ రెండో ఏడాది. పుస్తకంలో ఈ బొమ్మ చూసినవాణ్ణే, గట్టు మీద నిలబడి కూడా గుర్తుపట్టలేదు. ఇంట్లో ఇప్పటికీ దెప్పుతారు.

అపోహ: ఇవి పెద్ద తూనీగ పిల్లలు. కాదు. రెక్కలొచ్చాక ఏ పురుగూ పెరగదు. తోకతో కుడతాయనేది కూడా ఉత్తమాటే.

అపోహ: ఇవి ఉంటే ఇక దోమ భయం లేదు. ఇదీ తప్పే. దోమ ముంచుకొస్తే ఇవొక్కటే ఆపలేవు. నాట్లప్పుడే 2 మీటర్లకో 20 సెంటీమీటర్ల కాలిబాట వదలండి, యూరియా తగ్గించండి.

పోయిన ఖరీఫ్‌లో ఒక రైతు మందు ట్యాంకు వీపున వేసుకునే ఎదురొచ్చాడు. "పక్కమడి దోమకు కాలిపోయింది సార్, రాత్రంతా నిద్ర లేదు." ఆ టెన్షన్ నాకు తెలుసు, అందుకే కోప్పడలేదు. ట్యాంకు దింపించి దుబ్బు వంచి తట్టించాను. నీళ్ల మీద రాలినవి మూడు దోమలు. పది దుబ్బులు చూశాం, ఎక్కడా నాలుగు దాటలేదు. అంతలో పక్క ఆకు మీద ఒక సూది తూనీగ వాలింది, నోట్లో దోమ. అది నములుతుంటే దోమ రెక్కలు ఒక్కొక్కటే కింద రాలాయి. ఆయన వంగి చాలాసేపు చూశాడు. "ఇంకో నాలుగు రోజులు ఆగమంటారా?" అన్నాడు.

ఆగమన్నాను. నాలుగో రోజు మళ్లీ దుబ్బులు తట్టి లెక్క చెప్పమన్నాను.