వెన్నుపాములో మిగిలిన పోగులు

తాటిచెట్టు మీద నుంచి జారిపడిన గీత కార్మికుణ్ణి ఆనందపురం నుంచో, సబ్బవరం నుంచో విశాఖపట్నం కేజీహెచ్‌కు తీసుకొస్తే, బంధువులు డాక్టరును మొదట అడిగే మాట "మళ్లీ నడుస్తాడా అండీ?" అనే. జవాబు ఎమ్మారై ఫిల్ములో ఉంటుందని వారి నమ్మకం. డాక్టరు మాత్రం దూదితోనూ, గుండుసూదితోనూ మెడ నుంచి పాదాల దాకా స్పర్శను పరీక్షించి, చివరికి గ్లవ్ తొడిగిన వేలితో మలద్వారం దగ్గర స్పర్శ తెలుస్తోందా, అక్కడి కండరాన్ని రోగి తనంతట తాను బిగించగలుగుతున్నాడా అని చూస్తారు. చూసేవారికి ఇబ్బందిగా తోచే ఈ పరీక్ష చాలా విషయం చెబుతుంది. వెన్నుపాము అట్టడుగు కొస దాకా కబురు అందుతోందంటే, దెబ్బ తగిలిన చోట కొన్ని నాడీపోగులైనా తెగకుండా మిగిలాయన్నమాట. ఇవాళ్టి వైద్యం చేయగలిగినదంతా చాలావరకు ఆ మిగిలిన పోగుల మీదే ఆధారపడి ఉంది.

పెద్దవారిలో వెన్నుపాము సుమారు 45 సెంటీమీటర్ల పొడవుంటుంది, దాని నుంచి 31 జతల నాడులు బయలుదేరతాయి. ప్రమాదాల్లో అది రెండు ముక్కలుగా తెగిపోవడం అరుదు. విరిగిన ఎముక ఒత్తిడికి నలిగిపోవడమే ఎక్కువ. నష్టం అక్కడితో ఆగదు. తరువాతి గంటల్లో, రోజుల్లో వాపు వచ్చి, రక్తప్రసారం తగ్గి, దెబ్బతిన్న కణాల నుంచి వెలువడిన గ్లుటమేట్ అనే రసాయనం పక్క కణాల్లోకి కాల్షియం ముంచెత్తేలా చేసి వాటినీ చంపుతుంది. అందుకే ఎముక ఒత్తిడిని శస్త్రచికిత్సతో వీలైతే 24 గంటల లోపే తొలగించాలంటారు. అంతకంటే ముందు, పడినవాణ్ణి చంకల కింద చేతులు వేసి లేపి, నడుము వంచి ఆటోలో కూర్చోబెట్టడం ఎంత హాని చేస్తుందో ఊళ్లలో ఇంకా గట్టిగా చెప్పవలసి ఉంది. 108 వచ్చేదాకా కదపకుండా ఉంచి, తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేట్టు నలుగురు పట్టి బల్ల మీదికి దొర్లించడమే సరైన పద్ధతి.

చేతిలో నాడి తెగి, దాన్ని కలిపి కుడితే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్లీ పెరుగుతుంది. వెన్నుపాములో మాత్రం అలా జరగదు. పెద్దయ్యాక మెదడు, వెన్నుపాముల్లోని నాడీమార్గాలు మార్పులేనివని స్పెయిన్ శాస్త్రవేత్త రామోన్ ఇ కహాల్ 1928లోనే రాశారు. లోపం నాడీకణంలోనే ఉందని చాలాకాలం అనుకున్నారు. 1981లో మాంట్రియల్‌లో సామ్యూల్ డేవిడ్, ఆల్బర్ట్ అగ్వాయో ఎలుక కాలి నాడి ముక్కను వెన్నుపాముకు వంతెనగా అతికినప్పుడు, పెరగవనుకున్న పోగులు అందులోకి సెంటీమీటర్ల పొడవున పెరిగాయి. కణంలో కొంత సత్తువ ఉందనీ, చుట్టూ ఉన్న వాతావరణమే అడ్డుపడుతోందనీ అప్పుడు తేలింది.

ఆ అడ్డంకులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. కాళ్లూచేతుల నాడుల్లో తెగిన పోగు తాలూకు మయలిన్ (పోగుల చుట్టూ ఉండే కొవ్వు పొర) చెత్తను ఆ పొరను కట్టే ష్వాన్ కణాలు, వ్యర్థాలను మింగే మాక్రోఫేజ్‌లు కొద్ది వారాల్లో శుభ్రం చేస్తాయి. వెన్నుపాములో అది నెలల తరబడి పేరుకుని ఉంటుంది. పైగా ఆ మయలిన్‌లో పెరుగుదలను ఆపే నోగో-ఎ అనే ప్రొటీన్ ఉంది. జ్యూరిక్‌లో మార్టిన్ ష్వాబ్ బృందం దశాబ్దాలుగా దాని వెంటే పడింది. గాయం చుట్టూ ఆస్ట్రోసైట్లు (నాడీకణాలకు తోడుగా ఉండే కణాలు) కట్టే మచ్చను కూడా చాలాకాలం శత్రువుగానే చూశారు. 2016లో ఎలుకల్లో ఆ మచ్చ ఏర్పడకుండా ఆపి చూస్తే పోగులు పెరగలేదు. కణం లోపల పీటెన్ అనే జన్యువును తొలగిస్తే ఎలుకల్లో పోగులు బాగా పెరిగాయి గానీ, అది క్యాన్సర్‌ను అదుపులో ఉంచే జన్యువు కావడంతో మనిషిలో దాని జోలికి పోవడం తేలిక కాదు. నోగో-ఎను అడ్డుకునే యాంటీబాడీని మెడ దగ్గర గాయమైన రోగుల మీద యూరప్‌లో పరీక్షించిన ఫలితాలు 2024లో వెలువడ్డాయి. మొత్తం మీద తేడా కనిపించలేదు; కొంత కదలిక మిగిలినవారిలో మాత్రం లాభం సూచనలు కనిపించాయి. మళ్లీ మిగిలిన పోగుల సంగతే.

ఆ పోగులు చేసే పని చిన్నది కాదు. జాతీయ రహదారి మీద వంతెన తెగితే బస్సులు ఊళ్ల లోపలి రోడ్ల మీదుగా చుట్టు తిరిగి వచ్చినట్టు, మెదడు నుంచి వచ్చే కబురు వెన్నుపాములోని పొట్టి నాడుల మీదుగా దారి మార్చుకుని కిందికి చేరగలదు. పదే పదే చేయించే వ్యాయామమే ఆ దారిని అలవాటు చేస్తుంది. మెడ మీద చర్మానికి ఎలక్ట్రోడ్లు అంటించి, స్వల్ప విద్యుత్తు ఇస్తూ చేతులకు శిక్షణ ఇచ్చిన ప్రయోగంలో, శిక్షణ పూర్తిచేసిన 60 మందిలో 72 శాతం మందికి బలమూ, చేతి పనితనమూ రెండూ మెరుగుపడ్డాయి. ఆ ఫలితాలు 2024లో వెలువడగా, అదే ఏడాది డిసెంబరులో అమెరికా ఆ పరికరాన్ని అనుమతించింది. ఇక్కడ తెగిన పోగు మళ్లీ మొలవలేదు, ఉన్నదే గొంతు పెంచుకుంది.

ఇది తెలియనివ్వకుండా స్టెమ్‌సెల్ (మూలకణాల) ఇంజెక్షన్లతో నడిపిస్తామనే ప్రకటనలు వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటాయి. పొలం అమ్మి డబ్బు కట్టే ముందు బంధువులు ఒక సంగతి గమనించాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ వ్యాధులకు తప్ప స్టెమ్‌సెల్ చికిత్సను ఆమోదం పొందిన ప్రయోగాల్లో మాత్రమే ఇవ్వాలి. ప్రయోగంలో చేరిన రోగి నుంచి దానికి రుసుము తీసుకోకూడదు.

నడకే అందరి కోరికా అనుకోవడం కూడా సరికాదు. 2004లో అమెరికాలో 681 మంది బాధితులను అడిగినప్పుడు, నాలుగు అవయవాలూ పడిపోయినవారు చేతుల కదలికను, కాళ్లు మాత్రమే పడిపోయినవారు లైంగిక సామర్థ్యాన్ని ముందుగా కోరారు. మూత్రం, మలం మీద అదుపు రెండు వర్గాలకూ ముఖ్యమే. ఇంటికి వెళ్లేలోగా శుభ్రంగా కాథెటర్ (మూత్రం బయటికి తీసే గొట్టం) వేసుకోవడం, రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడకపుండ్లు రాకుండా చూడడం, మంచం మీది నుంచి చక్రాల కుర్చీలోకి చేతుల బలంతో మారడం నేర్పే ఫిజియోథెరపిస్టులకు ఈ జాబితా కొత్తేమీ కాదు.