మజ్జను కప్పే మందు క్రిములను చంపుతుందా: ఒక పరీక్ష వెనుక చరిత్ర

చిత్తూరు, శ్రీకాళహస్తి, పుత్తూరు వైపు పల్లెల నుంచి తిరుపతికి వచ్చే రోగికి రూట్ కెనాల్ చికిత్స అంటే పలుమార్లు బస్సెక్కడమే. పుచ్చు తొలుస్తుండగా మజ్జ, అంటే జనం నరం అనేది, బయటపడితే దానిని ఆ పూటే మందుతో కప్పి బతికించగలగడం అటువంటి రోగికి ఎంతో మేలు. ఆ మందుకు బాక్టీరియాను చంపే శక్తి ఎంత ఉందన్న ప్రశ్న ఇక్కడి దంత వైద్య విద్యార్థుల ఎం.డి.ఎస్. థీసిస్‌లకూ తగినదే.

బయటపడిన మజ్జను కప్పాలన్న ఆలోచన పాతది. ప్రష్యా రాజు ఫ్రెడరిక్ దంతవైద్యుడు ఫిలిప్ ఫాఫ్ 1756లోనే బంగారు రేకుతో మజ్జను కప్పే పద్ధతిని వివరించాడు. పుచ్చుకు నోటిలోని సూక్ష్మజీవులే కారణమని డబ్ల్యూ.డి. మిల్లర్ 1890లో గ్రంథం రాసేనాటికి ఆ పద్ధతి వయస్సు శతాబ్దం దాటింది. 1920లో జర్మనీకి చెందిన హెర్మన్ కాల్షియం హైడ్రాక్సైడ్‌ను ప్రవేశపెట్టాడు. దాని పీహెచ్ 12.5 దగ్గర ఉంటుంది. ఆ తీవ్ర క్షారగుణమే క్రిములను చంపుతుంది, కొత్త డెంటిన్ (మజ్జ చుట్టూ ఉండే పంటి గట్టి పదార్థం) పొర ఏర్పడేలా మజ్జను ప్రేరేపిస్తుంది.

అయితే గాయం మానడానికి మందు కారణమా, క్రిములు లేకపోవడం కారణమా అన్నది 1965 దాకా తేలలేదు. ఆ ఏడు కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జ్‌జెరాల్డ్ ఎలుకల దంతాల్లో మజ్జను తెరిచి ఏ మందూ పెట్టకుండా వదిలేశారు. మామూలు ఎలుకల్లో మజ్జ కుళ్ళి చచ్చింది. సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల్లో ఆహారం గాయంలో ఇరుక్కున్నా డెంటిన్ వంతెన కట్టుకుని మజ్జ బతికింది. ఈ రంగంలో ఇంతకన్నా నిర్ణాయకమైన ప్రయోగం మరొకటి లేదని నా అభిప్రాయం.

ఆ తరువాత ప్రతి కొత్త మందునూ క్రిముల ఎదుట నిలబెట్టడం ఆనవాయితీ అయింది. 1993లో లోమా లిండా విశ్వవిద్యాలయంలో టొరాబినెజాద్ బృందం పరిచయం చేసిన ఎమ్‌టీఏ (మినరల్ ట్రయాక్సైడ్ అగ్రిగేట్) అనే సిమెంటు, తరువాత వచ్చిన బయోడెంటిన్ అనే మరో సిమెంటు కూడా ఈ పరీక్షలు దాటినవే.

చిక్కంతా పరీక్షలోనే ఉంది. సూక్ష్మజీవులు పరచిన అగార్ (వాటిని పెంచే జెల్లీ వంటి పదార్థం) ప్లేటులో మందు పెట్టి, దాని చుట్టూ పెరుగుదల ఆగిన వలయాన్ని కొలవడం చవకైన, సులువైన పద్ధతి. కాని ఆ వలయం మందు అగార్‌లోకి ఎంత దూరం పాకిందో కూడా చెబుతుంది. కరగని మందు బలమైనదైనా వలయం చిన్నదిగానే రావచ్చు. అందుకే 1996లో వైస్ బృందం మందును, బాక్టీరియాను నేరుగా తాకించి పెరుగుదలను కొలిచే పద్ధతిని రూట్ కెనాల్‌లో సందులను మూసే సీలర్లపై ప్రయోగించింది. 2000లో హాపసలో బృందం డెంటిన్ పొడి కలిస్తే కాల్షియం హైడ్రాక్సైడ్ చంపే శక్తి పూర్తిగా పోతుందని చూపింది, ఇది ప్లేటులో కనిపించని సంగతి. పైగా ఎంటెరోకాకస్ ఫీకాలిస్ వంటి మొండి క్రిమి పీహెచ్ 11.1 వద్ద కూడా తట్టుకుంటుంది, 11.5 వద్ద మాత్రం నిలవలేదు.

కనుక వలయాల మిల్లీమీటర్లను పట్టికలో పేర్చి ఒక మందును గొప్పదనడం నాకు సమ్మతం కాదు. అప్పుడే కలిపిన మందునా, గట్టిపడ్డాక పరీక్షించారా, డెంటిన్ ఉందా, క్రిమి ఏది, ఎన్ని గంటలు తాకింది అన్నవి ప్రతి థీసిస్‌లోనూ స్పష్టంగా ఉండాలి. పైన వేసే ఫిల్లింగ్ అంచులు లాలాజలాన్ని లోపలికి రానివ్వకుండా ఎంత గట్టిగా మూస్తాయన్నది కూడా అదే విద్యార్థి, అదే పంటి మీద కొలవడం అవసరం.