తాతయ్య కంటే చిన్న సరస్సు

పిల్లలూ,

సరస్సులన్నీ మనుషుల కంటే ఎంతో పాతవని అనుకుంటాం కదా. నేపాల్‌లో ఎవరెస్టుకు దక్షిణంగా, సుమారు 5,000 మీటర్ల ఎత్తున ఇమ్జా అనే సరస్సు ఉంది. అది నాకంటే చిన్నది! 1950లలో అక్కడ హిమానీనదం, అంటే నదిలా మెల్లగా కదిలే పెద్ద మంచు రాశి, దాని మీద కొన్ని నీటి గుంటలే ఉండేవి. ఇప్పుడు అదే చోట రెండు కిలోమీటర్లకు పైగా పొడవు, దాదాపు 150 మీటర్ల లోతు ఉన్న సరస్సు ఉంది.

హిమానీనదం తన బరువుకే మెల్లగా కిందికి జరుగుతుంది. దారిలో రాళ్లను పెకలించి, కొన్నిటిని పిండిలా నూరి, అంచుల్లో గుట్టలుగా పోస్తుంది. ఆ గుట్టల పేరు మొరైన్. సన్నటి ఆ రాతి పొడి నీళ్లలో తేలుతూ ఉండడం వల్లే ఇలాంటి సరస్సులకు బూడిద రంగో, ఆకుపచ్చా నీలమూ కలిసిన రంగో వస్తుంది.

ఇక గుంటల సంగతి. నాకు చాలా ఇష్టమైన భాగం ఇదే. మంచు ఎండను చాలావరకు తిప్పికొడుతుంది, నీరు పీల్చుకుంటుంది. అలా కాస్త వేడెక్కిన నీరు చుట్టూ ఉన్న మంచును కరిగిస్తుంది. గుంట పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ ఎండను పీల్చుకుంటుంది, పక్క గుంటతో కలుస్తుంది. ఇమ్జా అలాగే పుట్టింది. తూర్పు చివర మంచు ఇంకా ముక్కలుగా నీళ్లలోకి విరిగిపడుతోంది, అందుకే సరస్సు అటువైపే పెరుగుతోంది.

పడమట నీటిని ఆపుతున్నది మొరైనే. సిమెంటు లేదు, వదులు రాళ్లూ ఇసుకా, లోపల మిగిలిన పాత మంచూ. అది తెగితే ఏమవుతుందో ఆ ప్రాంతంవాళ్లకు తెలుసు. 1985 ఆగస్టులో దగ్గర్లోని డిగ్ చో సరస్సులో మంచు కూలి పెద్ద అల లేచింది. మొరైన్ తెగి వరద వచ్చింది. దాదాపు పూర్తయిన జలవిద్యుత్ కేంద్రం, దిగువన వంతెనలు కొట్టుకుపోయాయి.

అందుకే 2016లో నేపాల్ సైన్యం ఇమ్జాకు గేటున్న కాలువ తవ్వి, నీటిమట్టాన్ని 3.4 మీటర్లు తగ్గించింది. అంత లోతులో మూడున్నర మీటర్లేనా అంటారేమో. మట్టం తగ్గితే కట్ట మీద ఒత్తిడి తగ్గుతుంది, అల లేచినా కట్ట దాటడం కష్టమవుతుంది. ఇంకా లోతుగా తవ్వితే ఆ కట్టే తెగే ప్రమాదం ఉంది. దిగువ ఊళ్లలో హెచ్చరికకు సైరన్లు కూడా పెట్టారు.

కాలువ దాటిన నీరు ఇమ్జా ఖోలా అనే ఏరుగా దిగి దూధ్‌కోశి నదిలో, ఆపైన కోశి నదిలో కలిసి, బీహార్‌లో గంగను చేరుతుంది. అట్లాస్ తీసి ఎవరెస్టు దగ్గర మొదలుపెట్టి, ఆ దారి వెంట వేలితో వెళ్లి చూడండి.

మీ తాతయ్య