ఆరుద్ర పురుగు ఎక్కడి నుంచి వస్తుంది?

బిడ్డలారా,

మొన్న ఫోన్‌లో చిన్నది అడిగింది, "తాతా, ఆ ఎర్ర పురుగులు వానతో పాటు మబ్బుల్లోంచి పడతాయా?" అని. ఫోన్‌లో చెబితే సగమే చెప్పినట్టవుతుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మబ్బుల్లోంచి కాదు తల్లీ, మన కాళ్ళ కిందినుంచే. ఎండాకాలం మధ్యాహ్నం మన ఊరు గుర్తుందా? తలుపులన్నీ మూసుకుని అందరూ లోపలే ఉంటారు. పొద్దు వాలాక మీ నానమ్మ వాకిట్లో నీళ్ళు చల్లుతుంది, మంచాలు బయట పడతాయి, ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటారు. మన చెల్క, అదే మన మెట్ట చేను, కూడా అట్లాంటి ఇల్లే. కాకపోతే దాని మధ్యాహ్నం నెలల తరబడి సాగుతుంది. ఆరుద్ర పురుగు కింది గదిలో పడుకుని ఉంటుంది. జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె, 22 ప్రాంతంలో ఆరుద్ర వస్తాయి. ఆ వానలే వాకిట్లో చల్లిన నీళ్ళు. పక్క గదిలోంచి చెదపురుగులు రెక్కలు తొడుక్కుని పెళ్ళికి బయల్దేరతాయి, వాటినే ఉసిళ్ళు అంటాం. మన ఎర్రది వాటిని తిని కడుపు నింపుకుంటుంది. మట్టిలో గుడ్లు పెట్టి, మళ్ళీ లోపలికి పోయి తలుపు వేసుకుంటుంది. దాని పిల్లలు మిడతలను పట్టుకుని వేలాడతాయి, ఎద్దుల బండి వెనక మీరు వేలాడినట్టే. అయితే మీరు బండిని ఏమీ చేయరు, అవి మిడత ఒంట్లో రసం తాగుతాయి.

పురుగు అంటాం గానీ, పెద్దదానికి ఎనిమిది కాళ్ళు. సాలీడు, తేలు దాని చుట్టాలు.

మీ వయసులో నేను ఒకదాన్ని అగ్గిపెట్టెలో గడ్డి వేసి దాచాను. తెల్లారేసరికి ఎండిపోయి ఉంది. ఏడుస్తుంటే మా నాయన తిట్టలేదు. చేనుకు తీసుకుపోయి గడ్డపారతో తవ్వి చూపించాడు. జానెడు లోతున మట్టి ముద్దగా ఉంది. "ఇది బయటికొచ్చిందంటే తడి దాని గదిదాకా దిగిందన్నమాట. అప్పుడు విత్తనం వేయాలి" అన్నాడు. అంతకు ముందటేడు తొలి జల్లుకే తొందరపడి జొన్న విత్తాం. మొలకలు వచ్చినట్టే వచ్చి మాడిపోయాయి. మళ్ళీ విత్తడానికి ఇంట్లో గింజ లేదు. పక్కింటివాళ్ళు తమ గాదెలోంచి కొలిచి ఇచ్చారు. ఆ తర్వాత వాళ్ళకు అదే కష్టం వస్తే మేము కొలిచాం. వాన మనది కాదు, గింజైనా పంచుకోవాలి కదా.

ఇప్పుడు పత్తి వేయాలంటే 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడేదాకా ఆగమని వ్యవసాయ అధికారులు చెబుతున్నారు. మంచి మాట, వినాలి. నేను మాత్రం ఇప్పటికీ గట్టు మీద ఎరుపు కోసం వెతుకుతాను. మందులు కొట్టే చేలల్లో అది కనపడటం తగ్గిపోయింది, నాకు దిగులుగా ఉంటుంది. అంత చీకట్లో, అంత లోతున, పైన వాన పడిందని కనిపెట్టి లేచి వస్తుందే! ఎన్నేళ్ళు చూసినా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఈసారి పెద్ద వాన వెలిసిన మరునాడు పొద్దున్నే రండి. చెప్పులు విప్పి గట్టు మీద కూర్చోండి. కనిపిస్తే మెల్లగా అరచేతిలోకి తీసుకోండి. కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు పడి ఉంటుంది. ఊదొద్దు, కదిలించొద్దు. నోరు మూసుకుని వంద లెక్కపెట్టండి. ముందు ఒక కాలు చాపుతుంది, చూడండి. నడవడం మొదలుపెట్టగానే మట్టి మీదకు దించేయండి.

అగ్గిపెట్టెలు తేవద్దు.

మీ తాత