‘మీ డైరీ చూపించండి మేడం’: నీతులు చెప్పేవాళ్ల గురించి కొన్ని అపోహలు - వాస్తవాలు

హైస్కూల్లో బయాలజీ చెప్పడం మొదలుపెట్టి 19 ఏళ్లయింది. ఏడెనిమిదేళ్ల నుంచి ఆదివారాల్లో పదో తరగతి పిల్లలకీ, వాళ్ల అమ్మానాన్నలకీ వ్యక్తిత్వ వికాసం క్లాసులు కూడా తీసుకుంటున్నాను. టైం టేబుల్ వేసుకోవడం, ఫోన్ తగ్గించడం, పరీక్షల టెన్షన్ లాంటివన్నమాట. ఈ రెండో పనిలో దిగాక నా వెనక ఎక్కువగా వినపడిన మాట ‘శ్రీరంగ నీతులు’. ఆ సామెతలో మిగతా సగం ఒక కులాన్ని కించపరుస్తుంది కాబట్టి నేను రాయను, మీకు తెలిసే ఉంటుంది. చెప్పేదానికీ చేసేదానికీ మధ్య ఉండే దూరం గురించి బయటివాళ్లకీ, మాకూ కూడా కొన్ని గట్టి నమ్మకాలున్నాయి. వాటిలో చాలావాటిని నేను ఇప్పుడు నమ్మడం లేదు.

అపోహ: పూర్తిగా పాటించేవాళ్లే ఇంకొకరికి చెప్పాలి

దీనికి మూలం బెల్లం కథ. ఓ తల్లి కొడుకుని వెంటబెట్టుకుని వస్తుంది, ‘వీడు బెల్లం తెగ తింటున్నాడు, మానమని మీరు చెప్పండి’ అంటుంది. పెద్దాయన రెండు వారాలాగి రమ్మంటాడు. వచ్చాక ‘బెల్లం మానెయ్ నాయనా’ అని ఒక్క మాట అంటాడు. ఇదేదో ఆరోజే అనొచ్చుగా అని తల్లి అడిగితే, ‘అప్పటికి నేనూ తింటున్నానమ్మా’ అంటాడు. ఆ పెద్దాయన గాంధీ అని కొందరు, రామకృష్ణ పరమహంస అని కొందరు, పేరు లేని సాధువని ఇంకొందరు చెబుతారు. ఎక్కడ, ఏ ఏడాది జరిగిందని అడిగితే మాత్రం ఎవరూ ఆధారం చూపించరు. నేనూ చూపించలేను, కానీ కనీసం యాభైసార్లు స్టేజీ ఎక్కి గాంధీ పేరుతోనే చెప్పాను. నిజాయితీ గురించిన క్లాసులో!

కథ బాగుంటుంది, చప్పట్లు పడతాయి. కానీ బెల్లం ఎక్కువ తింటే పళ్లు పుచ్చుతాయన్న మాట, చెప్పేవాడి బుగ్గలో బెల్లం ముక్క ఉన్నా నిజమే. సిగరెట్లు కాల్చే డాక్టరు సిగరెట్ మానమంటే ఆ సలహా తప్పయిపోదు. మాట నిజమా కాదా అన్నది ఒక సంగతి, ఈ మనిషిని నమ్మాలా వద్దా అన్నది వేరే సంగతి. రెండూ కలిపేస్తే, ఏ లోపమూ లేని టీచర్ దొరికేదాకా బడులు మూసుకోవాలి.

‘మాతృదేవో భవ, ఆచార్యదేవో భవ’ మా ప్రేయర్ హాల్ గోడ మీద రాసి ఉంది. మీ స్కూల్లోనూ ఉండే ఉంటుంది. అది తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో, చదువు పూర్తిచేసుకుని ఇంటికి వెళ్లే శిష్యుడికి గురువు చెప్పే మాటల్లోది. గోడ మీద అక్కడితో ఆపేస్తారు. కాస్త ముందుకెళితే ఇలా ఉంటుంది: ‘యాన్యస్మాకం సుచరితాని, తాని త్వయోపాస్యాని, నో ఇతరాణి’. మాలో మంచి నడవడి ఏదుంటే దాన్నే నువ్వు పట్టుకో, మిగతావి వద్దు అని. అంటే మాలో ‘మిగతావి’ కూడా ఉన్నాయని గురువే ఒప్పుకుంటున్నాడు, అదీ శిష్యుడికి వీడ్కోలు చెప్పేటప్పుడు. మమ్మల్ని దేవుళ్లని చేసే ముక్క గోడకెక్కింది, ఇది పుస్తకంలోనే ఉండిపోయింది.

అపోహ: లోపం ఒప్పుకుంటే పిల్లల దగ్గర విలువ పోతుంది

నేనూ చాలాకాలం ఇదే నమ్మాను. ఆ నమ్మకం ఊడిన రోజు గుర్తుంది.

జూలైలో ఓ ఆదివారం. రోజూ పడుకునే ముందు ఐదు లైన్లు డైరీ రాస్తే ఎంత మేలో ముప్పావుగంట చెప్పాను. మూడో బెంచీలో ఓ కుర్రాడు లేచాడు. అల్లరివాడు కాదు, ఎఫ్ఏ (ఏడాది మధ్యలో స్కూల్లో పెట్టే చిన్న పరీక్షలు) మార్కులు కూడా ఎప్పుడూ మధ్యరకంగా వస్తాయి. ‘మేడం, మీ డైరీ ఒకసారి చూపిస్తారా? ఎలా రాయాలో చూసి రాస్తాం’ అన్నాడు. వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. ‘ఇంట్లో ఉంది, వచ్చేవారం తెస్తాను’ అన్నాను.

ఇంటికెళ్లి తీశాను. జనవరి 1 నుంచి 9 దాకా గుండ్రటి అక్షరాలతో నిండి ఉంది. 10 నుంచి ఏమీ లేదు. మార్చిలో ఓ పేజీ నిండా పాల ప్యాకెట్ల లెక్క. ఏప్రిల్‌లో గ్యాస్ సిలిండర్ మార్చిన తేదీ, పక్కన ప్లంబర్ ఫోన్ నంబరు. మే నెల మధ్యలో ఎండిపోయిన కరివేపాకు రెబ్బ ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలీదు. వారం రోజులు కూర్చుని పాత తేదీలు నింపేద్దామా అని కూడా ఆలోచించాను. నీలం పెన్ను, నల్ల పెన్ను మార్చి మార్చి రాస్తే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. బుద్ధి ఎంత దూరం పోతుందో చూడండి.

చివరికి ఉన్నదున్నట్టే తీసుకెళ్లాను. కరివేపాకుతో సహా. పిల్లలు పగలబడి నవ్వారు. నవ్వాక ఆ కుర్రాడే, ‘పదో తారీకున ఏమైంది మేడం?’ అన్నాడు. ఏమైందంటే, సంక్రాంతికి అమ్మ వాళ్ల ఊరెళ్లాం, డైరీ ఇక్కడే మర్చిపోయాను. వచ్చాక నాలుగైదు ఖాళీ పేజీలు చూసి చిరాకేసి మూసేశాను. ‘నేనూ అంతే మేడం, ఒకరోజు మిస్సయితే ఇంక ఓపెన్ చెయ్యబుద్ధి కాదు’ అని వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి అంది. ఆ రోజు డైరీ ఎందుకు ఆగిపోతుందన్న దాని మీద జరిగినంత మాటామంతీ, డైరీ గొప్పతనం మీద నేను చెప్పిన ఏ క్లాసులోనూ జరగలేదు.

తర్వాత ఒక పరిశోధన గురించి చదివితే ఇదంతా అర్థమైంది. 2017లో యేల్ విశ్వవిద్యాలయంలో జిలియన్ జోర్డన్, ఆమె సహచరులు కపటులంటే జనానికి ఎందుకంత మంట అన్నది పరిశీలించారు. చెప్పింది చేయకపోవడం ఒక్కటే కాదు కారణం. ఎదుటివాళ్లను తప్పుపడుతూ, తాము ఆ తప్పు చేయనివాళ్లమన్న అబద్ధపు ముద్ర వేసుకుంటారు చూడండి, ఎక్కువ మండేది దానికి. ‘ఇది తప్పే, నేనూ అప్పుడప్పుడు చేస్తుంటాను’ అని బయటపడినవాళ్ల మీద జనం అంత కఠినంగా లేరు. అంటే ఆ రోజు నేను తొమ్మిది పేజీల డైరీతో వెళ్లడం కంటే, దొంగ తేదీల డైరీతో వెళ్లి ఉంటేనే నా విలువ పోయేది.

ఒప్పుకోవడం ఒక ఫ్యాషన్‌గా మారితే అదీ వెగటే, అది వేరే విషయం. ప్రతి క్లాసులో ‘నేనూ మనిషినే’ అంటూ కూర్చుంటే పిల్లలు రెండోవారానికే కనిపెట్టేస్తారు.

అపోహ: మనం ఏం చేస్తున్నామో పిల్లలు చూడరు, చెప్పింది వింటారు

చూస్తారు. 1970లో బ్రయాన్, వాల్బెక్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లలకు ఒక ఆట పెట్టారు. గెలిచినదాంట్లోంచి పేద పిల్లలకు కొంత ఇవ్వొచ్చు. ముందుగా ఒక మనిషి ఆడి చూపిస్తాడు: కొన్నిసార్లు ఇవ్వాలని చెప్పి ఇస్తాడు, కొన్నిసార్లు ఇవ్వాలని చెప్పి తాను దాచుకుంటాడు, ఇలా రకరకాలుగా. పిల్లలు ఎంత ఇచ్చారన్నది ఆ మనిషి ఏం చేశాడన్న దాన్ని బట్టి మారింది గానీ, ఏం బోధించాడన్న దాన్ని బట్టి కాదు.

మా స్కూల్ సంగతే చెబుతాను. హాజరు యాప్‌లో వేయాలి కాబట్టి టీచర్లకు క్లాసులో ఫోన్ తప్పదు. హాజరు వేసే పని మూడు నిమిషాలు. ఆ తర్వాత వేలు దానంతటదే వాట్సాప్ మీదికి పోతుంది. ఫోన్ బల్ల కింద పెట్టుకుంటే పిల్లలకు కనపడదనుకుంటాం, కానీ మొహం మీద పడే వెలుతురు కనపడుతుంది కదా. పోయినేడాది ‘సెల్‌ఫోన్ వల్ల అనర్థాలు’ మీద వక్తృత్వ పోటీలో మొదటి బహుమతి పొందిన అమ్మాయి, ప్రసంగం మొత్తం వాళ్లమ్మ ఫోన్లో చూసే చదివింది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే రాకుండా పోయింది.

అపోహ: 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటవుతుంది

మా క్లాసుల్లో అరిగిపోయిన రికార్డు ఇది. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన మాట నుంచి పుట్టింది. ముఖానికి ఆపరేషన్ అయినవాళ్లు అద్దంలో కొత్త ముఖానికి అలవాటు పడడానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. ‘కనీసం’ దారిలో రాలిపోయింది, ముఖం పోయి డైరీ, జాగింగ్ వచ్చి చేరాయి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది మీద చేసిన అధ్యయనంలో 18 నుంచి 254 రోజుల దాకా లెక్క తేలింది. మధ్యస్థంగా చూస్తే 66. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద తేడా రాలేదని కూడా తేలింది. జనవరి 10న నాకు ఈ ముక్క తెలిసి ఉంటే బాగుండేది.

అపోహ: నేను చేసి బాగుపడ్డాను కాబట్టి అందరికీ పనిచేస్తుంది

ఇది అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే ఇక్కడ చెప్పేవాడు నిజంగానే పాటిస్తుంటాడు. పొద్దున నాలుగింటికి లేచే మనిషి పిల్లలందరినీ నాలుగింటికి లేవమంటాడు. ఆయన నిజాయితీని ఎవరూ శంకించలేరు, అందుకే సలహాను కూడా ఎవరూ శంకించరు. కానీ బయాలజీ టీచర్‌గా చెబుతున్నాను: యవ్వనంలోకి వచ్చేటప్పుడు శరీరంలోని గడియారమే వెనక్కి జరుగుతుంది. పిల్లలకు రాత్రి నిద్ర ఆలస్యంగా వస్తుంది, పొద్దున ఆలస్యంగా తెలివొస్తుంది. బద్ధకం కాదది. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. హైస్కూళ్లు ఉదయం ఎనిమిదిన్నర కంటే ముందు మొదలుపెట్టొద్దని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2014లోనే సూచించింది. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్ పెట్టి, తెల్లారకముందే గంట కొట్టే హాస్టళ్లలో ఈ ముక్క ఎవరు చెబుతారో చూడాలి.

అపోహ: ఆచరణ చెప్పేవాడి సొంత వ్యవహారం

1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. అప్పటికి ఆయన తెలుగు పండితుడు, పత్రిక నడుపుతున్న రచయిత. రాసి ఊరుకుంటే అంత గొడవ ఉండేది కాదు. చేసి చూపించేసరికి ఇంట్లో వంటవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు మానేశారు. అప్పుడు గోదావరి నుంచి బిందెలు మోసుకొచ్చి, వచ్చినవాళ్లకు వండిపెట్టింది ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు. ఆచరణలో ఎవరి వంతు ఎంతో మనం ఎప్పుడూ సరిగ్గా పంచలేదు.

దాంతో పోల్చుకునేంతది కాదు గానీ, మా ఇంట్లో అన్నం తినేటప్పుడు ఫోన్ ముట్టకూడదన్న రూల్ నేను క్లాసులో గొప్పగా చెప్పుకున్నాను. దాన్ని నిజంగా మోస్తున్నది మా అత్తయ్య. ఆ టైంలోనే దుబాయ్ నుంచి మా మరిది వీడియో కాల్ చేస్తాడు.

అపోహ: చెబుతూ చేయకపోతే సిగ్గుతో చెప్పడం మానేయాలి

మానేయక్కర్లేదు, ఆ సిగ్గుతో పని చేయించుకోవచ్చు. 1992లో అచ్చయిన ఒక ప్రయోగం కాలిఫోర్నియాలో నీటి కరవు రోజుల్లో జరిగింది. ఈత కొట్టి వచ్చిన అమ్మాయిల్లో కొందరితో ‘షవర్ కింద తక్కువసేపు ఉండండి, నేను చేయగలిగితే మీరూ చేయగలరు’ అన్న పోస్టర్ మీద సంతకం పెట్టించారు, తాము నీళ్లు ఎలా వృథా చేస్తున్నారో కూడా గుర్తుచేశారు. ఈ రెండూ జరిగినవాళ్లు, ఏదీ జరగనివాళ్ల కంటే తక్కువసేపట్లో స్నానం ముగించారు. వాళ్లను కదిలించింది ఇతరులకు చెప్పడమూ, తమ తప్పు గుర్తుకు రావడమూ ఒకేసారి జరగడం.

నేను ఇప్పుడు చేస్తున్నదీ ఇంచుమించు అదే. డైరీ బల్ల మీద పెడతాను, క్లాస్ లీడర్ చూస్తుంది. లోపల ఏం రాశానో చదవదు, తేదీలు మాత్రం తిప్పుతుంది, ఖాళీ పేజీ మీద ఎర్ర పెన్నుతో సున్నా చుడుతుంది. పోయినవారం రెండు సున్నాలొచ్చాయి. ఈ వారం మూడు. ‘మేడం, పాల లెక్క రాసిన పేజీ కౌంట్ చెయ్యాలా?’ అని అడిగింది. చెయ్యొద్దన్నాను, నాలుగోది కూడా చుట్టేసింది.